పుట్టింటికి దూరంగా ఒక ఆట

(సంఘం ఉగాది ఉత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



పంచాంగ శ్రవణము అయినది. ఉగాది పచ్చడి రుచి ఇంకా నాలుకమీదనే ఉన్నది. సిద్ధాంతిగారు ఈ సంవత్సరపు పేరు పరాభవ అని చెప్పగానే కొందరు ముఖాలు చిట్లించుకోవడం చూచాను. భయపడవలసిన పని లేదు. అరవై ఏండ్లకొకసారి వచ్చే పేరు అది. 1966 లోనూ వచ్చినది. అప్పుడు నేను పసివాడను. మన పెద్దలు ఆ ఏడు కూడా మిల్లుకు పోయి, మగ్గం నేసి, పిల్లల పెండ్లిండ్లు చేసి సుఖంగానే గడిపారు. ఈ సాయంకాలం నేను చెప్పబోయేది కూడా కొన్ని పరాభవాల కథే. ఓడిపోయి లేచినవారిని గురించీ, ఓడి మరి లేవనివారిని గురించీ చెబుతాను.

కార్యదర్శిగారు నన్ను 'ప్రవాస తెలుగువారి కర్తవ్యము' అనే విషయంమీద మాట్లాడమన్నారు. ఆ విషయంమీద ఇదే వేదికమీద నేను ఇదివరకు నాలుగు పర్యాయాలు మాట్లాడాను. విన్నవారికీ చెప్పినవానికీ దానివల్ల కలిగిన మేలు స్వల్పము. కనుక ఈసారి మనకు బొత్తిగా సంబంధం లేని ఒక ఆటను గురించి చెబుతాను. దాని పేరు రగ్బీ లీగ్. ఇక్కడ దానిని ఆడినవారు ఒక్కరు కూడా ఉండరని నాకు తెలుసు. అయినా దయచేసి వినండి. చివరకు మన ఇంటిముంగిటికే వస్తాను.

రెండేండ్ల క్రితం మా అమ్మాయి దగ్గర ఇంగ్లండులోని లీడ్స్ పట్టణంలో మూడు నెలలు ఉన్నాను. హెడింగ్లీ అనే పేరు క్రికెట్ వల్ల మనలో చాలామందికి తెలిసినదే. ఆ క్రికెట్ మైదానానికి వీపు ఆనించుకొని మరొక మైదానము ఉన్నది. మా అల్లుడు ఒకనాడు నన్ను అక్కడికి తీసుకొనిపోయాడు. వాన చినుకులు పడుతున్నవి. నా ప్రక్కన ఒక ముసలాయన, ఆయన కూతురు, ఆమె పిల్లవాడు కూర్చున్నారు. ముగ్గురి మెడలోనూ ఒకే రంగు ఉన్ని పట్టీ. ముసలాయన తన తండ్రి కూడా ఇక్కడికే వచ్చేవాడని చెప్పాడు. ఇది ఆటా, ఇలవేల్పు కొలువా అని నాకు సందేహం కలిగినది.

ఆట సంగతి రెండు మాటలలో చెబుతాను. ఒక్కొక్క పక్షాన పదమూడుగురు. బంతిని చంకలో ఇరికించుకొని ఎదుటివారి గీత దాటించి నేలకు తాకించాలి. చేతితో అందించితే వెనుకకే అందించాలి. ఎదుటివారు మన చెడుగుడులో పట్టినట్లు పట్టి పడవేస్తారు. ఆరుసార్లు పట్టుబడితే బంతి ఎదుటివారి పాలు అవుతుంది. సాధారణంగా రగ్బీ అని ప్రపంచములో పిలిచేది పదిహేనుగురు ఆడే ఆటను. పదమూడుగురి ఆట దానినుంచి వేరుపడినది. ఎందుకు వేరుపడినదో వింటే మీకు ఆశ్చర్యం కలుగుతుంది. వేరుపడినది నాగా కూలి కోసము.

నాగా అంటే ఏమిటో ఈ సభలో విడమరచి చెప్పనక్కరలేదు. మన తాతలు కరీంనగరం, నల్లగొండ ప్రాంతాలనుంచి ఈ షోలాపూరుకు నడిచీ, బండి ఎక్కీ వచ్చినది మగ్గాన్నీ మిల్లునూ నమ్ముకొనే గదా. పని చేయని పూట కూలి లేదు. సుమారు నూట ముప్పై ఏండ్ల క్రితం యార్క్‌షైరు, లాంకషైరులలోని నూలుమిల్లుల కూలీలదీ, బొగ్గుగని కూలీలదీ అదే గతి. వారు శనివారంనాడు కూడా పనిచేసేవారు. దూరపు ఊరిలో ఆట ఉంటే పని మానుకొని పోవాలి. పోతే కూలి పోతుంది. పోయిన కూలిని క్లబ్బు ఇచ్చుకోవచ్చునా అని వారు అడిగారు. 1893 లో లండనులో జరిగిన సమావేశంలో ఆ కోరికను ఓట్లతో ఓడగొట్టారు. ఆట పెత్తనం చేసే దక్షిణాది పెద్దమనుష్యులకు కూలి అక్కర లేదు, తీరిక ఉన్నది. రెండేండ్ల తరువాత, 1895 ఆగస్టు 29 వ తేదీన, హడర్స్‌ఫీల్డు పట్టణంలోని జార్జి హోటలులో ఉత్తరాది క్లబ్బులవారు కూడి వేరు కాపురం పెట్టారు. మొదటి సంవత్సరం 22 క్లబ్బులు ఆడినవి. నాగా పడిన రోజుకు ఆరు షిల్లింగులు ఇవ్వవచ్చునని నిర్ణయించుకొన్నారు. 1906 లో పదిహేనుగురిని పదమూడుగురికి తగ్గించారు.

వేరుపడినవారిని పాతవారు వెలివేశారు. ఒక్కసారి అటు ఆడినవానికి ఇటు మరి చోటు లేదు. ఈ వెలి సుమారు నూరేండ్లు, అంటే 1995 లో పదిహేనుగురి ఆటలోనూ జీతాలు ఒప్పుకొనేవరకు సాగినది. అందుచేత ఇంగ్లండులో ఈ ఆట ఉత్తరాదిన ఉన్న మిల్లుల ఊళ్ళలో, గనుల ఊళ్ళలో, రేవు పట్టణాలలో చిక్కుకొని నిలిచిపోయినది. అక్కడ మాత్రం వేరు పాతాళం దాకా పోయినది. సముద్రం దాటి ఆస్ట్రేలియాకు పోయి 1908 లో సిడ్నీలో నాటుకొన్నది. ఎందుకంటే అక్కడి ఆటగాళ్ళదీ కూలివారి బాధే. గాయపడి పనికి పోలేనివారికి ఆదరువు లేదు. బాధ ఒక్కటే అయినచోట విత్తనము త్వరగా మొలిచినది.

ఇక మా ఊరి ఆట మా ఊరిలోనే ఉండిపోవలెనా, లండనుకు పోరాదా అన్న కోరిక ఆ ఉత్తరాదివారికి కలగడం సహజమే. 1929 లో తమ ఛాలెంజ్ కప్పు చివరి ఆటను లండనులోని వెంబ్లీకి తీసుకొనిపోయారు. అది మంచి ఫలితం ఇచ్చినది. ఏటేటా ఉత్తరాది జనం రైళ్ళెక్కి రాజధానికి పోవడం ఒక తీర్థయాత్ర అయినది. కాని యాత్ర వేరు, కాపురము వేరు. 1933 లో విగాన్ ప్రాంతపు ఒక క్లబ్బును ఎత్తుకొనిపోయి లండనులో వైట్ సిటీ మైదానంలో దించారు. రాత్రివేళ విద్యుద్దీపాల వెలుతురులో ఆడించారు. ఆ రోజులలో అది పెద్ద వింత. వింత చూడడానికి జనం వచ్చారు. వింత తీరినది, జనం తగ్గారు. ఒక్క ఏడాదితో ఆ కాపురం ముగిసి క్లబ్బు లివర్‌పూలుకు వెళ్ళిపోయినది.

మళ్ళీ 1980 లో మరొక ప్రయత్నము. ఫుల్‌హామ్ అనే లండను ఫుట్‌బాలు క్లబ్బువారు తమ మైదానము ఊరకనే పడి ఉండడమెందుకని, దానిమీద మరికొంత రాబడి వస్తుందని రగ్బీ లీగ్ జట్టును కట్టారు. ఆటగాళ్ళను ఉత్తరాదినుంచి తెచ్చారు. సెప్టెంబరు 14 న మొదటి ఆట. ఎదుట ఉన్నది విగాన్. తొమ్మిదివేల పైచిలుకు జనం. కొత్త జట్టు 24-5 తో గెలిచినది. ఆ ఏడే పై తరగతికి కూడా ఎక్కినది. అందరూ చప్పట్లు కొట్టారు. నాలుగేండ్లు తిరిగేసరికి లెక్కలలో నష్టం కనబడి యజమానులు చేతులు దులుపుకొన్నారు.

ఇక్కడ ఒక విశేషమున్నది. ఆ జట్టును నిలబెట్టినది ఏ ధనికుల సంస్థా కాదు. రాయ్ క్లోజ్, బార్బరా క్లోజ్ అనే దంపతులు, ఆటమీది అభిమానంతో 1984 లో దానిని తమ నెత్తిన ఎత్తుకొన్నారు. తరువాతి కథ సంసారపక్షపు కథ. ఇల్లు అద్దెకు దొరకని కుటుంబంలాగా ఆ క్లబ్బు లండనులో ఈ మూలనుంచి ఆ మూలకు మైదానాలు మారినది. పేరు కూడా మారినది. ఫుల్‌హామ్, తరువాత లండన్ క్రుసేడర్స్, తరువాత లండన్ బ్రాంకోస్, తరువాత హార్లెక్విన్స్, మళ్ళీ లండన్ బ్రాంకోస్. మారిన ప్రతిసారి కొందరు అభిమానులు దారిలో జారిపోయారు. ఆట చూడడానికి పోయే తండ్రి తన కుమారునికి దారి చూపించాలి గదా. ఏటేటా దారి మారితే ఆ పిల్లవానికి ఏ దారి చూపగలడు?

అయినా ఒక మంచిపని జరిగినది. క్లబ్బువారు ఓపికతో లండను పిల్లలకు ఆట నేర్పుతూ వచ్చారు. దాని ఫలం 2018 లో కనబడినది. ఆ ఏడు పై తరగతికి ఎక్కవలసిన చివరి ఆటలో లండనువారు కెనడాలోని టొరాంటో ఊళ్ఫ్‌ప్యాక్ జట్టును, ఆ జట్టు సొంత మైదానంలోనే, 4-2 తో ఓడించారు. టొరాంటోవారు డబ్బు నీళ్ళవలె పోసి అనుభవజ్ఞులను కూర్చుకొన్నవారు. లండనువారిలో అనేకులు ఆ ఊరి శిక్షణలోనే పెరిగిన కుర్రవాళ్ళు. మరుసటి ఏడు పై తరగతిలో పది ఆటలు గెలిచి కూడా గోరంత తేడాతో చివరి స్థానానికి పోయి మళ్ళీ దిగజారారు. పరాభవమే. కాని అది తలదించుకోవలసిన పరాభవము కాదు.

టొరాంటో సంగతి కూడా చెప్పాలి. 2017 లో అట్లాంటిక్ దాటి ఇంగ్లండు పోటీలలో చేరిన మొదటి జట్టు అది. జనం వేలకొలది వచ్చారు, ఆనందించారు. అది అబద్ధం కాదు. ఎదుటి జట్ల విమానపు ఖర్చులు కూడా వారే పెట్టుకొన్నారు. మూడేండ్లలో అట్టడుగు తరగతినుంచి పై తరగతికి ఎక్కారు. న్యూజీలండు మహా ఆటగాడు సానీ బిల్ విలియమ్స్‌ను కూడా తెచ్చారు. అయితే జట్టులో కెనడాలో పుట్టినవారు వ్రేళ్ళమీద లెక్కించదగినవారు. భారమంతా ముఖ్యంగా ఒక్క ధనికుని సంచిమీద నిలిచినది. 2020 లో మహమ్మారి వచ్చి రాకపోకలు ఆగిపోయినవి. జూలైలో జట్టు పోటీలనుంచి తప్పుకొన్నది. మళ్ళీ చేర్చుకోమని కోరితే తక్కినవారు ఒప్పుకోలేదు.

ఒప్పుకోనివారిని మనం తిట్టవచ్చును. కాని వారి పక్షం కూడా వినాలి. పాత క్లబ్బులలో కొన్ని మన పేటలంత ఊళ్ళు. గనులు మూతపడినవి, మిల్లులు మూతపడినవి, మిగిలినది ఆ క్లబ్బు ఒక్కటే. ప్రక్క ఊరి జట్టు వస్తే వారి వెంట వేలమంది వచ్చి టిక్కెట్లు కొంటారు. సముద్రం దాటి వచ్చే జట్టు వెంట ఎందరు రాగలరు? నూరేండ్లు మేము మోసిన ఆటను మా చేతినుంచి తీసి పరాయివానికి పెడుతున్నారే అని వారి గోడు. పుట్టింటివారికి ఉండే దిగులు అది. మిల్లు మూతపడిన ఊరిలో బ్రతికే మనకు ఆ దిగులు అర్థం కాకపోదు.

ఇక నిలిచిన జట్లను చూద్దాం. ఫ్రాన్సులో 1996 లో ప్యారిసులో ఒక జట్టు పెట్టారు. మొదటి ఆటకు పదిహేడువేల పైచిలుకు జనం వచ్చారు. రెండేండ్లలో ఆ దీపం ఆరిపోయినది. ఫ్రాన్సులో ఈ ఆట పుట్టిల్లు దక్షిణాన ఉన్నది. అక్కడ 1934 లో జాన్ గాలియా అనే ఆటగాడు దీనిని నాటాడు. 1941 లో విషీ ప్రభుత్వం దీనిని నిషేధించి క్లబ్బుల ఆస్తులు లాగుకొన్నది. యుద్ధం ముగిసిన తరువాత కూడా చాలా దశాబ్దాలు రగ్బీ అనే పేరు వాడుకోనివ్వలేదు. 'పదమూడుగురి ఆట' అని చెప్పుకోవలసి వచ్చినది. అయినా ఊళ్ళలో తండ్రులు కొడుకులకు నేర్పడం మానలేదు. 1951 లో ఫ్రెంచివారు ఆస్ట్రేలియాకు పోయి అక్కడివారినే 2-1 తో ఓడించి వచ్చారు.

ఆ దక్షిణాదిలోనే, పెర్పిన్యాన్ పట్టణంలో, కాటలాన్స్ డ్రాగన్స్ అనే జట్టు 2006 లో ఇంగ్లండు పై తరగతిలో చేరినది. మొదటి ఏడు అందరికంటె అడుగున నిలిచినది. కాని మూడేండ్లవరకు దించబోమని ముందే మాట ఇచ్చి ఉన్నందున నిలిచినది. ఆ మాటకు విలువ ఎంతో చూడండి. 2018 లో వారు వెంబ్లీలో వారింగ్టన్‌ను 20-14 తో ఓడించి ఛాలెంజ్ కప్పు గెలిచారు. ఇంగ్లండుకు వెలుపలి జట్టు ఆ కప్పు ఎత్తడం అదే మొదలు. మరుసటి ఏడు బార్సిలోనాలో ఒక ఆట పెడితే ముప్పదివేలమందికి పైగా వచ్చారు. కాటలాను భాష మాట్లాడే జనమే సరిహద్దుకు ఇరుప్రక్కలా ఉన్నారు. జట్టు రంగులు కూడా ఆ జనపు జెండా రంగులే.

మెల్‌బోర్న్ కథ వేరు. అక్కడ మరొక రకపు ఫుట్‌బాలు రాజ్యమేలుతున్నది. అటువంటి చోట స్టార్మ్ అనే జట్టు 1998 లో మొదలై, 1999 లోనే సిడ్నీలో 107,999 మంది ఎదుట 20-18 తో పోటీ గెలిచినది. ఆటగాళ్ళు అందరూ బయటినుంచి వచ్చినవారే. ధనబలమూ ఉన్నది. 2010 లో జీతాల పరిమితిని దొంగలెక్కలతో మీరినందుకు రెండు విజయాలను వెనుకకు తీసుకొన్నారు. అటువంటి అవమానం తరువాత కూడా అభిమానులు జట్టును విడిచిపెట్టలేదు. 2003 లో వచ్చిన క్రెయిగ్ బెల్లమీ అనే శిక్షకుడు ఇరవై ఏండ్లకు పైగా అక్కడనే ఉండిపోయాడు. కాని నేను మీకు చెప్పదలచినది విజయాల జాబితా కాదు. జట్టు పుట్టిన పదునాలుగేండ్లకు, 2012 లో, ఆ రాష్ట్రంలోనే పుట్టి అక్కడనే ఆట నేర్చిన మొదటి కుర్రవాడు ఆ జట్టుకు ఆడాడు. పేరు మహే ఫొనువా. టోంగా ద్వీపాలనుంచి వలస వచ్చిన కుటుంబంవాడు. పొట్టకూటికి పరాయి ఊరు వచ్చినవారి బిడ్డ, ఆ పరాయి ఊరి జట్టుకు సొంత బిడ్డ అయినాడు.

ఈ కథలన్నీ కలిపి చూస్తే నాకు తోచినది ఇది. గొప్పవారిని తెస్తే సభ నిండుతుంది. వింత చూపితే మొదటిరోజు టిక్కెట్లు అమ్ముడుపోతాయి. ధనికుడు ఒకడు దొరికితే మూడేండ్లు గడుస్తాయి. కాని పుట్టింటికి దూరంగా వేరు పట్టవలెనంటే మూడు కావాలి. ఒకటి, నేర్చుకొనే పిల్లలు. రెండు, మారని చోటు. మూడు, మొదట ఓడినా దించబోమని పెద్దలు ఇచ్చే మాట. ఈ మూడింటిలో మొదటిది లేకపోతే తక్కిన రెండూ వ్యర్థమే.

ఇప్పుడు ఇంటిముంగిటికి వస్తాను. నేను ఈ సంఘానికి ఆరేండ్లు కార్యదర్శిగా ఉన్నాను. ఆ రోజులలో సాయంకాలపు తెలుగు తరగతి ఉండేది. చివరకు పదిమంది పిల్లలు మిగిలారు. పదిమంది కోసం పంతులుగారికి జీతమెందుకని, ఆ డబ్బు కలిపి ఉగాదికి పేరుపొందిన సినిమా గాయకుని పిలిపిద్దామని ప్రతిపాదించినవాణ్ణి నేనే. పిలిపించాము. సభ క్రిక్కిరిసినది. వరండాలో కూడా నిలబడ్డారు. మరునాడు అందరూ నా భుజం తట్టారు. తరగతి మూతపడినది. ఎవరూ అడగలేదు.

మొన్న ఈ ఉత్సవపు ఆహ్వానపత్రిక మా ఇంటికి వచ్చినది. నా మనుమడు పదేండ్లవాడు. మరాఠీ చక్కగా చదువుతాడు, ఇంగ్లీషు చదువుతాడు. ఇంట్లో తెలుగు గలగల మాట్లాడుతాడు. పత్రిక చేతిలో పట్టుకొని, "తాతా, ఇందులో నీ పేరు ఎక్కడున్నది?" అని అడిగాడు. వాని వ్రేలు పట్టుకొని చూపించాను. ఆ అక్షరాలమీద వాని వ్రేలు నిలిచిపోయినది. వాడు ఆ పదిమందిలో పదకొండవవాడు కావలసినవాడు. ఆ తరగతిని నేనే మూయించాను.

వచ్చే ఆదివారం కార్యవర్గం కూడుతున్నది. ఈ ఏటి వసూళ్ళతో వేదికను పెద్దది చేయాలా, లేక తరగతిని మళ్ళీ తెరవాలా అనే మాట వారి ముందున్నది. వేదిక వద్దని నేను అనడం లేదు. వెంబ్లీ వంటి పండుగ కూడా ఉండవలసినదే. కాని ముందు తరగతి తెరవండి. ఒకే గదిలో, ఒకే వేళకు పెట్టండి; చోటు మార్చవద్దు. మూడేండ్లవరకు, పిల్లలు నలుగురే వచ్చినా మూయబోమని తీర్మానంలో వ్రాయండి. పంతులుగారి జీతంలో నా వంతు నేను ఇస్తాను. అంతకంటె ముఖ్యము, నా మనుమణ్ణి మొదటిరోజున నేనే చేయి పట్టుకొని తీసుకొనివస్తాను. మీరు కూడా మీ పిల్లలను తీసుకొనిరండి. చందా రాసి పంపడం కాదు, పిల్లవానిని పంపడమే నేను కోరుతున్నది.

పరాభవ నామ సంవత్సరంలో మనకు మొదటి ఏడు అడుగు స్థానమే దక్కవచ్చును. పెర్పిన్యాన్ వారికీ అదే దక్కినది. పన్నెండేండ్లకు వారు కప్పు ఎత్తారు. పన్నెండేండ్లకు నేను ఉంటానో లేదో తెలియదు. కాని ఆనాటి ఉగాది పత్రికను మా మనుమడు తన పిల్లలకు చదివి వినిపిస్తే చాలు.